దీపం పట్టుకో... లోపలికి నడువు!

బొమ్మల్లేవు. సంగీతం లేదు. తెరమీద నాలుగు వాక్యాలు... వాటి కింద 'ఇప్పుడేం చేస్తావ్?' అని అడుగుతున్నట్టు మిణుకుమిణుకుమనే చిన్న గీత. అంతే! ఆ కాస్త సరంజామాతోనే గుహలు కట్టారు, చీకట్లో భయపెట్టారు, ఓ మరమనిషి చనిపోతే ఏడిపించారు. అర్ధశతాబ్దం కిందట పుట్టి ఇప్పటికీ బతికే ఉన్న 'టెక్స్ట్ అడ్వెంచర్' ఆటల కథ ఇది.

అమెరికాలోని కెంటకీ రాష్ట్రం. బెడ్‌క్విల్ట్ అనే గుహలో కొలతలు తీయడానికి ఓ బృందం బయల్దేరింది. అందులో ఒకామె ఆ గుహకు రావడం అదే మొదటిసారి. ఎటు చూసినా చీలికలూ సొరంగాలూ ఉండే చోటది. అలాంటిది, లోపలికి అడుగుపెట్టింది మొదలు ఏ గది తర్వాత ఏ గది వస్తుందో ఆమె గడగడా చెప్పేస్తోంది. పని ముగిశాక బయటికి దారి చూపే బాధ్యత ఆమెకే అప్పగించారు. ఒక్క మలుపు కూడా తప్పకుండా అందర్నీ వెలుతురులోకి తీసుకొచ్చింది!

అదెలా సాధ్యం? ఆ గుహని ఆమె అంతకుముందు చూడలేదు... కానీ చదివింది. పుస్తకంలో కాదు, ఓ కంప్యూటర్ ఆటలో. కొలోసల్ కేవ్ అడ్వెంచర్, పొట్టిగా 'అడ్వెంచర్' అనే ఆ ఆటలో ఒక్క బొమ్మ కూడా లేదు. ఉన్నవన్నీ మాటలే. ఆ మాటల్ని నమ్ముకుని నిజం గుహలో నడవగలిగిందంటే, వాటిని రాసిన మనిషి ఎంత జాగ్రత్తగా రాసి ఉండాలి!

ఈ ఆటల పద్ధతి తెలియనివారికి రెండు ముక్కలు. మీరెక్కడున్నారో, చుట్టూ ఏముందో కంప్యూటర్ రాసి చూపిస్తుంది. 'ఉత్తరానికి వెళ్లు', 'దీపం తీసుకో', 'తలుపు తెరువు'... ఇలా మీరేం చేయాలనుకుంటున్నారో టైప్ చేయాలి. ఏం జరిగిందో అది మళ్లీ చెబుతుంది. దారిలో తాళాలుంటాయి, పాములుంటాయి, దొంగలుంటారు. ఒక్కోదాన్ని దాటడానికి ఒక్కో కిటుకు. మన పొడుపు కథలాంటిదే... కాకపోతే ఈ పొడుపు కథ లోపలికి మనమే నడిచి వెళ్తాం.

నాన్న కట్టిన గుహ

ఈ ఆటని మొదట రాసింది విల్ క్రౌథర్. ఇంటర్నెట్‌కు తాతలాంటి 'అర్పానెట్'కి పునాది వేసిన కంపెనీలో ప్రోగ్రామర్. ఆఫీసు పని అయ్యాక ఆయనకున్న పిచ్చి ఒకటే... గుహలు. భార్య ప్యాట్ కూడా అంతే. ఇద్దరూ కలిసి కెంటకీ గుహల్లో తిరిగేవారు. కొలతలు తెచ్చి కంప్యూటర్‌కి ఎక్కించి పటాలు గీయించేవారు. 1972 సెప్టెంబరు 9న, పక్కపక్కనే ఉన్న ఫ్లింట్ రిడ్జ్, మామత్ గుహలు లోపల్లోపల కలిసే ఉన్నాయని కనిపెట్టిన బృందంలో ప్యాట్ ఒకరు. ఇప్పటికి 680 కిలోమీటర్లకు పైగా కొలిచిన ఆ మామత్ గుహే ప్రపంచంలోకెల్లా పొడవైనది. బెడ్‌క్విల్ట్ దాన్లో ఓ భాగం.

ఆ తర్వాత ఆ దంపతులు విడిపోయారు. ఇద్దరు ఆడపిల్లలు. వాళ్లకు దూరమైపోతున్నానన్న బెంగ క్రౌథర్‌ని పట్టుకుంది. భార్యతో కలిసి వెళ్లే గుహయాత్రలూ ఆగిపోయాయి. అప్పుడాయనకో ఆలోచన వచ్చింది... ఆ గుహనే ఆటగా రాస్తే? పిల్లలు వచ్చినప్పుడు ఆడుకుంటారు. కంప్యూటర్ భాష రానివాళ్లు కూడా బెదిరిపోకుండా మామూలు మాటలతోనే ఆడేలా ఉండాలి. అలా 1975-76 ప్రాంతంలో ఫోర్ట్రాన్ భాషలో సుమారు 700 వరుసల ప్రోగ్రాం తయారైంది. గుహల జ్ఞాపకాలకి, స్నేహితులతో ఆడే 'డంజియన్స్ అండ్ డ్రాగన్స్' ఆటలోని మాయల్ని కాస్త కలిపారు. ఒక్కో ఆజ్ఞకు రెండే మాటలు... ఒక పని, ఒక వస్తువు. పిల్లలకు తెగ నచ్చేసింది.

క్రౌథర్ దాన్ని ఆఫీసు కంప్యూటర్లో వదిలేసి ఊరుకున్నారు. అది యంత్రం నుంచి యంత్రానికి పాకింది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో డాన్ వుడ్స్ అనే విద్యార్థి కంటపడింది. దానికి మెరుగులు దిద్దాలని ఆయన ఉబలాటం. కానీ రాసినాయన ఎక్కడున్నారో తెలీదు. అందుకని నెట్‌వర్కులో ఉన్న ప్రతి కంప్యూటర్‌లోనూ 'క్రౌథర్' పేరు మీద ఓ ఉత్తరం పడేశారు! అప్పట్లో కంప్యూటర్లు కొన్నే కాబట్టి సరిపోయింది. జవాబొచ్చింది, అనుమతీ వచ్చింది. వుడ్స్ మరిన్ని నిధులూ, వంతెన కాపలా కాసే భూతం లాంటివీ చేర్చి 1977లో వదిలిన 350 మార్కుల ఆట కంప్యూటర్ ఉన్న ప్రతిచోటికీ వెళ్లింది. దాని దెబ్బకు కంప్యూటర్ రంగం మొత్తం రెండు వారాలు వెనకబడిపోయిందని జోకులేసుకునేవారు.

మరి క్రౌథర్ మొదట రాసిన ప్రోగ్రాం ఏమైంది? పోయిందనే అనుకున్నారంతా. 2005లో అది స్టాన్‌ఫర్డ్‌లో వుడ్స్ పాత ఖాతా తాలూకు నకళ్లలో బయటపడింది. డెనిస్ జెర్జ్ అనే ఆచార్యుడు కెంటకీ వెళ్లి ఆటనీ అసలు గుహనీ పోల్చి చూశారు. గదులూ దారులూ చాలావరకు అలాగే ఉన్నాయి. విడిపోయిన కుటుంబం కోసం ఓ తండ్రి మాటల్లో దాచిపెట్టిన గుహ అది.

తాళంచెవి మాటల్లోనే

ఆటలోకి వెళ్దాం. గుహలో ఓచోట చిన్న పక్షి. మీ దగ్గర పంజరం ఉంది. పట్టుకోబోతే బెదిరి దొరకదు. మీరు గదిలోకి వచ్చినప్పుడు అది భయపడలేదే, ఇప్పుడెందుకు? దారిలో మీరు ఓ నల్లటి కడ్డీ తీసుకున్నారు చూడండి... దాన్ని చూసే దానికి బెదురు. కడ్డీ కింద పెడితే పక్షి దొరుకుతుంది. ఇంకాస్త ముందుకెళ్తే దారికడ్డంగా పెద్ద పాము. గొడ్డలీ కర్రా అక్కర్లేదు. పంజరం తలుపు తెరవండి... పక్షి ఆ పాముని తరిమేస్తుంది! గరుత్మంతుడి కథ తెలిసిన మనకి ఇది తట్టడం పెద్ద కష్టమేమీ కాదు.

ఇక్కడే ఉంది అసలు రహస్యం. ఈ ఆటల్లో వర్ణన వేరు, చిక్కుముడి వేరు కాదు. గదిని వర్ణించే వాక్యమే ఆధారం కూడా. పక్షి బెదిరింది అన్న ఒక్క మాట గుహకి ప్రాణం పోస్తుంది, అదే జవాబు కూడా చెబుతుంది. బొమ్మలున్న ఆటలో గోడమీద వంద వస్తువులు అలంకారానికి పెట్టొచ్చు. అక్షరాల ఆటలో ఒక వస్తువు పేరెత్తితే చాలు, ఆడేవాళ్లు దాన్ని పట్టుకు లాగి చూస్తారు. కాబట్టి రాసేవారికి ప్రతి మాటా పొదుపే.

ఇంకో గమ్మత్తు. అచ్చంగా ఒకేలా ఉండే మలుపుల చిక్కుదారి ఒకటుంది. ఏ గది వర్ణన చూసినా అవే మాటలు. తల తిరిగిపోతుంది. అంటే, ఒకేలా ఉన్న వాక్యాలే అక్కడ గుహ, అవే చిక్కుముడి! మరి బయటపడేదెలా? చేతిలో ఉన్న వస్తువుల్ని గదికొకటి పడేసుకుంటూ వెళ్లాలి. 'ఇక్కడ పంజరం ఉంది' అని కనిపించిందంటే, వచ్చిన గదికే మళ్లీ వచ్చామన్నమాట. ఇక పెన్సిలూ కాగితం తీసుకుని పటం గీసుకోవడమే.

చీకట్లో ఏముందో...

1977లో ఈ ఆట మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి చేరింది. అక్కడి కుర్రాళ్లు టిమ్ ఆండర్సన్, మార్క్ బ్లాంక్, బ్రూస్ డేనియల్స్, డేవ్ లెబ్లింగ్ దాన్ని పూర్తిచేసి 'ఇంతకంటే బాగా మనం రాద్దాం' అని కూర్చున్నారు. అలా పుట్టిందే 'జోర్క్'. ఇందులో రెండు మాటల హద్దు లేదు. పూర్తి వాక్యం రాసినా అర్థం చేసుకుంటుంది. 1979లో పెట్టిన 'ఇన్ఫోకామ్' కంపెనీ దాన్ని ఇళ్లలోని చిన్న కంప్యూటర్లకు అమ్మింది, ఆ కంపెనీకి అదే ఊపిరైంది.

జోర్క్‌లో అందరికీ గుర్తుండిపోయేది ఎవరూ చూడనిది! పేరు 'గ్రూ'. అది చీకట్లో ఉంటుంది. దీపం లేకుండా తిరిగితే తినేస్తుంది. ఎలా ఉంటుందో ఎవరికీ తెలీదు... చూసినవాడు బతికి ఉంటేగా! దీని పుట్టుక వెనకో తమాషా కథ ఉంది. మొదట్లో చీకట్లో నడిస్తే అగాధంలో పడి చచ్చిపోయేలా రాశారు. 'అడ్వెంచర్'లోనూ అంతే. గుహలో బాగానే ఉంది. కానీ ఇంటి అటక మీద చీకట్లో నడిచినా అగాధంలో పడిపోతుంటే ఎలా? అటక మీద అగాధమేంటి! అలా లెబ్లింగ్ ఈ జంతువుని కల్పించారు. నియమం మారలేదు, చీకటి అప్పుడూ ప్రమాదమే. మారింది దానికి చెప్పిన కారణం. ఆ కారణం కథలో ఒదిగాకే భయం పుట్టింది.

అదే జోర్క్‌లో ఓ ఒంటికన్ను రాక్షసుడు దారి కాస్తుంటాడు. వాణ్ని వదిలించుకోవడానికి రెండు మార్గాలు. తిండీ నీళ్లూ పెట్టి నిద్రపుచ్చొచ్చు. లేదా గ్రీకు పురాణాల్లో ఒంటికన్ను రాక్షసుణ్ని గుడ్డివాణ్ని చేసిన ఒడిస్యూస్ పేరు చెబితే చాలు, గోడ బద్దలుకొట్టుకుని పారిపోతాడు! ఆ పురాణం తెలియనివాళ్లకీ దారి ఉంది. ఆటలో దొరికే ఓ పాత పుస్తకంలో శాపనార్థాల్లాంటి వాక్యాలుంటాయి. వాటి మొదటి అక్షరాల్ని వరసగా కలిపి చదివితే ఆ పేరే వస్తుంది. అదీ న్యాయమైన చిక్కుముడి అంటే.

ఇదేం న్యాయం!

మరి అన్యాయమైనవి లేవా? బోలెడు. 1981 నాటి 'జోర్క్ 2'నే చూడండి. అందులో వంకర గదుల సముదాయం ఒకటుంది. ఎటు వెళ్లినా అక్కడక్కడే తిరుగుతాం. కిటుకేమిటంటే, బేస్‌బాల్ ఆటగాడు పరుగు తీసే వరసలో గదులు దాటాలి! అమెరికా పిల్లాడికి తట్టొచ్చు. క్రికెట్ తప్ప తెలియని మనకెలా తడుతుంది? ఆ ఆట తెలియని దేశాల వాళ్లంతా అక్కడే ఇరుక్కుపోయారు.

1984లో రచయిత డగ్లస్ ఆడమ్స్, ఇన్ఫోకామ్‌కి చెందిన స్టీవ్ మెరెట్‌స్కీ కలిసి ఆడమ్స్ నవల 'హిచ్‌హైకర్స్ గైడ్ టు ద గెలాక్సీ'ని ఆటగా రాశారు. ఏ భాషనైనా అర్థమయ్యేలా చేసే చేపని ఓ యంత్రం నుంచి పట్టుకోవాలి. మీట నొక్కితే చేప ఎగిరొచ్చి గోడలోని కంతలో పడిపోతుంది. కంతకి గౌను అడ్డం పెడితే నేలమీది కాలవలోకి జారిపోతుంది. అక్కడ తువ్వాలు పరిస్తే ఇంకేదో వచ్చి ఎత్తుకుపోతుంది. ఇలా ఒకదాని మీద ఒకటి! నవ్వొస్తుంది, ఒళ్లూ మండుతుంది. పైగా చివర్లో కావాల్సిన ఓ ఉత్తరాల కట్టని ఆట మొదట్లో ఇంటి దగ్గరే తీసుకుని ఉండాలి. తీసుకోలేదా... ఈపాటికి భూమే పేలిపోయి ఉంటుంది! మళ్లీ మొదటికి రావాల్సిందే. ఆ చేపని పట్టినవాళ్లు గొప్పగా చెప్పుకోవడానికి టీషర్టులు కూడా అమ్మారంటే చూడండి.

ఇరుక్కుపోయినవాళ్ల కోసం ఇన్ఫోకామ్ 'ఇన్విజిక్లూస్' అనే పుస్తకాలు వేసింది. ప్రశ్న మామూలుగా కనిపిస్తుంది, జవాబు కనపడని సిరాతో ఉంటుంది. ప్రత్యేకమైన పెన్నుతో రుద్దితే తేలుతుంది. అదీ ఒక్కసారిగా కాదు... మొదటి వరసలో చిన్న సూచన, తర్వాత ఇంకాస్త, చివర్లో పూర్తి జవాబు. లెక్క రాని పిల్లాడికి ఇంట్లో అమ్మ చెప్పే పద్ధతే కదూ!

ఈ బాధలన్నీ గమనించిన బ్రిటిష్ గణితవేత్త గ్రాహం నెల్సన్ 1990ల్లో ఆడేవాళ్ల హక్కుల పట్టిక ఒకటి రాశారు. 1993లో ఇలాంటి ఆటలు రాసుకునే 'ఇన్‌ఫార్మ్' అనే ఉచిత సాధనాన్ని తయారుచేసింది కూడా ఆయనే. హెచ్చరించకుండా చంపకూడదు. ముందు జరగబోయేది తెలిస్తే తప్ప గెలవలేని పరిస్థితి ఉండకూడదు. చెప్పాపెట్టకుండా దారులు మూసేయకూడదు. 'తియ్యి' అన్నా 'తీసుకో' అన్నా ఒకటేనని కంప్యూటర్‌కి తెలియాలి. గెలిచాకైనా ఆ కిటుకు ఎందుకు పనిచేసిందో అర్థం కావాలి. అన్నట్టు, ఆధారం అర్థం కావడానికి అమెరికాలో పుట్టి ఉండాల్సిన అవసరం ఉండకూడదు... ఇదీ ఆ పట్టికలో ఉంది!

ఈ హక్కులన్నిటి వెనకా ఉన్నది ఒకటే మాట... నమ్మకం. 'నేను చెప్పిన దాంట్లోనే జవాబుంది' అని రాసినవారు ఒట్టేస్తేనే, ఆడేవారు రాత్రంతా మేలుకుని వెతుకుతారు. ఆ నమ్మకం ఒక్కసారి పోయిందా, ఎంత అందంగా వర్ణించినా ఎవరూ చదవరు. గబగబా జవాబులు చూసేసుకుంటారు.

ఫ్లాయిడ్ కోసం కన్నీళ్లు

నమ్మకం కుదిరితే ఏం జరుగుతుందో 1983లో మెరెట్‌స్కీ రాసిన 'ప్లానెట్‌ఫాల్' చూపించింది. నిర్మానుష్యమైన గ్రహం మీద మీకు తోడు ఫ్లాయిడ్ అనే మరమనిషి. చిన్నపిల్లాడి మనస్తత్వం. ఆడుకుందాం రమ్మంటాడు, అడ్డదిడ్డంగా మాట్లాడతాడు. నవ్వుకుంటూ ఆడుతుంటాం. ఓచోట ప్రమాదకరమైన జీవులున్న ప్రయోగశాలలోంచి ఓ కార్డు తేవాలి. మీరు వెళ్తే చచ్చిపోతారు. ఫ్లాయిడ్ తాను వెళ్తానంటాడు. తలుపు తెరవాల్సింది మీరు. వెంటనే మూయాల్సిందీ మీరే. మళ్లీ తెరిచాక కార్డు మీ చేతికొస్తుంది... ఫ్లాయిడ్ మాత్రం మిగలడు.

చాలామంది కంప్యూటర్ ముందు కూర్చుని ఏడ్చారు. సినిమాలోనూ ఇలాంటి సన్నివేశాలుంటాయి కదా అనొచ్చు. కానీ సినిమాలో తలుపు మనం తియ్యం. ఇక్కడ ఆ రెండు మాటలూ మన వేళ్లతోనే టైప్ చేశాం. చిక్కుముడి విప్పిన గెలుపూ, నేస్తాన్ని పోగొట్టుకున్న దుఃఖం ఒకే క్షణంలో వచ్చిపడతాయి.

ఇన్ఫోకామ్‌ని 1986లో యాక్టివిజన్ కొనేసింది, 1989లో మూసేసింది. బొమ్మల ఆటలు వచ్చాక అక్షరాల ఆటలకు కొట్లలో చోటు లేకుండా పోయింది. అయితే ఆటలు చచ్చిపోలేదు. అభిమానులు సొంతంగా రాసి ఉచితంగా పంచుకోవడం మొదలుపెట్టారు. వాళ్ల కోసం 1995 నుంచి ఏటా పోటీ జరుగుతోంది. 1998లో ఆ పోటీ గెలిచిన ఆడమ్ కాడ్రే 'ఫోటోపియా'లో చిక్కుముళ్లు దాదాపు లేవు. ఉన్న ఒక్కటీ గుర్తుండిపోతుంది. స్ఫటికాల చిక్కుదారిలో ఎంత తిరిగినా దారి దొరకదు. ఒంటిమీది బరువైన అంతరిక్ష దుస్తులు విప్పేస్తే... మీకు రెక్కలున్నాయని తెలుస్తుంది. ఇక నడవడమెందుకు, ఎగిరిపోవడమే! ఆ చిక్కుదారి ఎవరు ఎవరికి చెబుతున్న కథో తర్వాత తెలుస్తుంది. ఓ టీనేజీ అమ్మాయి, తాను చూసుకుంటున్న చిన్నపాపకు చెప్పే కథ అది. పాప ఏం చేస్తానంటే కథ అటు తిరుగుతుంది. అంటే మొత్తానికి ఆట మళ్లీ పిల్లల దగ్గరికే వచ్చింది.

మన భాషలో రావాలంటే...

ఇప్పుడు ఈ ఆటలు ఆడటం తేలిక. 'అడ్వెంచర్' బ్రౌజర్‌లోనే దొరుకుతుంది. జోర్క్ మూడు భాగాల ప్రోగ్రాంనీ 2025 నవంబరులో మైక్రోసాఫ్ట్ అందరూ చదువుకునేలా విడుదల చేసింది. చూపులేనివారికి ఇవి మరీ దగ్గరి నేస్తాలు. తెరమీది అక్షరాల్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఉంటే చాలు, చూపున్నవాళ్లతో సమానంగా ఆడొచ్చు. చూడాల్సిన బొమ్మ అసలు లేనేలేదు కదా!

స్పానిష్, ఫ్రెంచ్, జర్మన్, ఇటాలియన్ భాషల్లోనూ వీటిని రాసేవాళ్లున్నారు. మరి తెలుగులో? లింకులు నొక్కుతూ చదివే పద్ధతి కథలైతే 2009లో వచ్చిన 'ట్వైన్' అనే ఉచిత సాధనంతో తెలుగులోనే రాసుకోవచ్చు. టైప్ చేసే ఆటకే చిక్కు. ఇంగ్లిషులో పెట్టె ఎప్పుడూ పెట్టే. తెలుగులో పెట్టెని, పెట్టెలో, పెట్టెమీద, పెట్టెకి... ఇవన్నీ ఒకే పెట్టె అని కంప్యూటర్‌కి నేర్పాలి. 'తియ్యి', 'తీయి', 'తియ్' మూడూ ఒకటేనని చెప్పాలి. అన్నిటికంటే ముందు, ఆట మనల్ని 'నువ్వు' అనాలా 'మీరు' అనాలా తేల్చుకోవాలి! కంప్యూటర్ చదువుకుంటున్న మన పిల్లలకు ఇంతకంటే సరదా ప్రాజెక్టు ఏముంటుంది?

ఇంట్లోనే ఆడొచ్చు!

ఈ ఆదివారం కంప్యూటర్ లేకుండానే ప్రయత్నించండి. ఇంట్లో ఒకరు కంప్యూటర్, మిగతావారు ఆటగాళ్లు. కంప్యూటర్ అయినవారు ముందుగా ఓ ఐదు గదుల పటం గీసి దాచుకోవాలి. అమ్మమ్మగారి పాత ఇల్లయినా సరే, ఊరిచివరి గుడయినా సరే... బాగా తెలిసిన చోటైతే మరీ మంచిది. ఒక తాళం, ఒక తాళంచెవి, దారికి అడ్డంగా ఒక్క ఆటంకం చాలు. గదిని మూడు వాక్యాలకు మించి వర్ణించొద్దు. జవాబుకి కావాల్సిన ఆధారం ఆ మూడు వాక్యాల్లోనే ఉండాలి. ఆడేవాళ్లు ఊహించని పని ఏదైనా చెబితే 'కుదరదు' అని తోసేయకుండా ఎందుకు కుదరదో చెప్పాలి. పిల్లలు మీరు అనుకున్నదానికంటే మంచి జవాబు చెప్పారా... దాన్నే ఒప్పేసుకోండి!

ఆట అయ్యాక పిల్లల్ని ఆ ఇంటి పటం గీయమనండి. అటక ఎటుందో, బావి ఎక్కడుందో, దొడ్డి తలుపు ఎటు తెరుచుకుంటుందో వాళ్లు గీసి చూపిస్తారు... ఆ ఇల్లు ఇప్పుడు లేకపోయినా సరే. క్రౌథర్ తన కూతుళ్లకు ఇచ్చింది కూడా అదే. తాను తిరిగిన గుహలోకి వాళ్ల చెయ్యి పట్టుకుని తీసుకెళ్లే వీల్లేక, చేతికో దీపం ఇచ్చి, దారి మాటల్లో చెప్పారు.